తెగుతూ కలిసే తీగలపై ఉత్తరాల బట్వాడా

ఈమెయిల్ పంపిన మరుక్షణమే అవతలివారికి అందుతుందన్న నమ్మకం నేడు ఎంత సహజంగా కనిపించినా, దాని వయస్సు చాలా తక్కువ. 1970ల చివరి నుంచి ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల వరకు ఈమెయిల్ వాడిన కళాశాలలు, పరిశోధన కేంద్రాలు, వర్తక సంస్థలు, స్వచ్ఛంద సంఘాలలో అనేకానికి బయటి ప్రపంచంతో నిరంతర సంబంధం ఉండేది కాదు. టెలిఫోను తీగకు మోడెమ్ తగిలించి, రోజుకు ఒకటి రెండు సార్లు అవతలి యంత్రానికి డయల్ చేసి, వచ్చిన ఉత్తరాలు తీసుకుని, పంపవలసినవి అప్పగించి, కొద్ది నిమిషాల్లో ఫోన్ పెట్టేయడమే వాటి ఆచారం. అయినా వాటికి సొంత పేర్లు, సొంత చిరునామాలు ఉండేవి. వాటి యంత్రాలు ఆపి ఉన్న వేళ కూడా ప్రపంచంలో ఏదో ఒక మూల నుంచి వాటి పేర ఉత్తరాలు బయలుదేరుతూనే ఉండేవి.

ఈ పరిస్థితి రెండు ప్రశ్నలను ముందుకు తెచ్చింది. గమ్యం అందుబాటులో లేనప్పుడు ఉత్తరాన్ని ఎవరు, ఎంతకాలం భద్రపరచాలన్నది మొదటిది. గమ్యం తిరిగి వచ్చి తన ఉత్తరాలు అడిగినప్పుడు, అడుగుతున్నది నిజంగా ఆ గమ్యమేనని ఎలా నిర్ధారించుకోవాలన్నది రెండవది. మొదటిది బాధ్యతకు, రెండవది గుర్తింపుకు సంబంధించినవి. పాతికేళ్ల పాటు వివిధ దేశాల ఇంజనీర్లు రూపొందించిన పద్ధతులన్నింటినీ ఈ రెండు ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలుగా చదవవచ్చు; నేటి ఈమెయిల్‌కు ఉన్న దృఢత్వంలో ఎక్కువ భాగం ఆ సమాధానాల నుంచే వచ్చింది.

ఈ చరిత్రకు తొలి ఘట్టం అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కనిపిస్తుంది. అక్కడ మైక్ లెస్క్ 1976 ప్రాంతంలో రూపొందించిన యూయూసీపీ అనే ప్రోగ్రాముల సముదాయం, యునిక్స్ నిర్వహణ వ్యవస్థతో నడిచే ఒక యంత్రం నుంచి అటువంటి మరొక యంత్రానికి టెలిఫోను తీగ ద్వారా ఫైళ్లను నకలు చేయడానికి ఉద్దేశించినది; 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ వెర్షన్‌తో పాటు అది విశ్వవిద్యాలయాలకు చేరింది. ఉత్తరాన్ని వెంటనే పంపడానికి ప్రయత్నించకుండా, ముందు డిస్కు మీద ఒక నిర్ణీత స్థలంలో నిలవ ఉంచి, తీగ కలిసినప్పుడు పోగైనవన్నీ ఒక్కసారిగా అవతలికి చేర్చడం దీని పని. నిలిపి పంపడం అనే ఈ సూత్రం తంతి వ్యవస్థలో అంతకుముందే ఉన్నా, చిన్న సంస్థలు సైతం సొంత ఖర్చుతో నడుపుకోగల రూపం దానికి యూయూసీపీతోనే వచ్చింది.

దాని పనితీరును కొంత దగ్గరగా పరిశీలిస్తే నిర్మాతల ముందుచూపు అర్థమవుతుంది. ఒక ఉత్తరం సిద్ధం కాగానే దానికి సంబంధించిన ఫైళ్లు నిలవ స్థలంలో చేరేవి: ఉత్తరపు పాఠం ఒకదానిలో, అవతలి యంత్రం ఆ పాఠంతో ఏ పని చేయాలో చెప్పే ఆదేశం మరొకదానిలో, ఏ ఫైలును ఎక్కడికి పంపాలో చెప్పే పని జాబితా ఇంకొకదానిలో ఉండేవి. ఇరుగుపొరుగు యంత్రాల వివరాలతో ఒక పట్టిక వేరుగా ఉండేది. అందులో ఒక్కొక్క వరుసలో యంత్రం పేరు, దానికి ఏ వేళల్లో ఫోన్ చేయవచ్చు, మోడెమ్ వేగమెంత, ఫోన్ నంబరు ఏది, అవతలి యంత్రం ప్రవేశానికి పేరు, సంకేతపదం అడిగినప్పుడు ఏమని బదులివ్వాలి అన్నవి వరుసగా రాసి ఉండేవి. ఫోన్ చార్జీ తక్కువగా ఉండే రాత్రివేళల్లో మాత్రమే పిలవాలని నిర్వాహకుడు ఆ పట్టికలోనే నిర్దేశించగలిగేవాడు. తీగ మధ్యలో తెగిపోతే బదిలీ పూర్తికాని ఫైలు నిలవ స్థలంలోనే ఉండి, మరుసటి పిలుపులో మళ్లీ బయలుదేరేది. పిలిచిన యంత్రం సంకేతపదం చెప్పి లోపలికి రావలసి ఉండడం వల్ల, గుర్తింపు ప్రశ్నకు కూడా యూయూసీపీ తనకు తెలిసిన పరిధిలో సమాధానం చెప్పినట్లయింది.

అయితే ఆ సమాధానం పక్క యంత్రం వరకే వర్తించేది. దూరాన ఉన్నవారికి ఉత్తరం రాయాలంటే మధ్యనున్న యంత్రాల పేర్లన్నింటినీ ఆశ్చర్యార్థకాలతో విడదీస్తూ వరుసగా చిరునామాలోనే రాయవలసి వచ్చేది. దారి తెలుసుకునే భారం పంపేవాడి మీద పడేది, ఆ దారిలో ఒక యంత్రం తప్పుకుంటే ఉత్తరం ఎక్కడ ఆగిపోయిందో తేల్చడం కష్టమయ్యేది. ప్రతి మజిలీలోనూ ఉత్తరం మరుసటి పిలుపు కోసం గంటల తరబడి వేచి ఉండడం వల్ల, ఖండాలు దాటే ఉత్తరానికి రోజులు పట్టడం మామూలే.

టెలిఫోను ఖర్చే ఉత్తరాల వేళలను నిర్ణయించిందనడానికి స్పష్టమైన నిదర్శనం ఫిడోనెట్. 1984లో టామ్ జెన్నింగ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభించిన ఈ వ్యవస్థ, ఔత్సాహికులు ఇళ్లలో వ్యక్తిగత కంప్యూటర్లపై నడిపే సమాచార కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపింది. ఒక్కొక్క మండలంలోని కేంద్రాలన్నీ రాత్రిపూట ఒక నిర్ణీత గంటలో వాడకందారుల పిలుపులు ఆపి, ఉత్తరాల మార్పిడికే తమ తీగలను ఖాళీగా ఉంచాలన్నది అందులో కట్టుబాటు. ఖరీదైన తీగలు, బలహీనమైన ఎక్స్ఛేంజీలు ఉన్న దేశాలకు ఈ పద్ధతి బాగా సరిపడింది. దక్షిణాఫ్రికా ఆంక్షల మధ్య ఉన్న 1980ల చివరి సంవత్సరాల్లో, గ్రాహమ్స్‌టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయం అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రాండీ బుష్ నడిపిన ఫిడోనెట్ కేంద్రం ద్వారానే బయటి ప్రపంచంతో ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకుంది.

భారతదేశంలో ఈమెయిల్ చరిత్ర కూడా ఇలాంటి తీగల మీదనే మొదలైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రారంభించిన ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్‌లో తొలుత ఎనిమిది సంస్థలు భాగస్వాములు: బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఢిల్లీ, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాసులలోని ఐఐటీలు, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ. డయలప్ తీగలపై నడిచిన ఆ నెట్‌వర్క్‌లో మొదట అందుబాటులోకి వచ్చిన సేవ యూయూసీపీ ద్వారా నడిచే ఉత్తరాల బట్వాడా ఒక్కటే. ఎస్. రమణి నాయకత్వంలోని బొంబాయి కేంద్రం దేశానికి ద్వారంగా నిలవగా, 1989లో సెకనుకు 9.6 కిలోబిట్ల అద్దె తీగతో ఆ కేంద్రం అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న యూయూనెట్ అనే సేవాసంస్థకు అనుసంధానమైంది. ఢిల్లీ, బొంబాయిల మధ్య అంతే వేగం గల అద్దె తీగ 1991 జనవరిలో వచ్చింది. ఎర్నెట్ విస్తరించిన కొద్దీ హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా అందులో చేరి, ఎర్నెట్ పేరు కలిసిన డొమైన్‌తోనే 1990లలో ఉత్తరాలు అందుకుంది.

ఈలోగా అమెరికాలో ఇంటర్నెట్‌కు చెందిన సొంత బట్వాడా నియమం స్థిరపడుతూ వచ్చింది. ఇంటర్నెట్ నియమాలను ప్రకటించే ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల పరంపరలో 821వదిగా 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వెలువరించిన ఎస్‌ఎమ్‌టీపీ, పంపే సర్వర్‌కు, అందుకునే సర్వర్‌కు మధ్య జరిగే సంభాషణను నిర్దేశించింది. ఉత్తరం మొత్తం అందిన తరువాత అందుకునే సర్వర్ 250 అనే అంకెతో ఇచ్చే జవాబుకు ఆ సంభాషణలో ప్రత్యేకమైన బరువుంది. ఆ జవాబు వెలువడిన క్షణం నుంచి ఉత్తరం బాధ్యత అందుకున్న సర్వర్‌దే. అది ఉత్తరాన్ని ముందుకు చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవారికి తెలియజేయాలి. 1989 అక్టోబరులో వచ్చిన 1123వ పత్రం దీన్ని మరింత బిగించి, బాధ్యత తీసుకున్న సర్వర్ తన యంత్రం చెడిపోయిందన్న కారణంతో సైతం ఉత్తరాన్ని పోగొట్టరాదని చెప్పింది. గమ్యం దొరకనప్పుడు కనీసం అరగంట వ్యవధితో మళ్లీ మళ్లీ ప్రయత్నించాలనీ, నాలుగైదు రోజులైనా గడవక ముందు చేతులెత్తేయరాదనీ అదే పత్రం సూచించింది. మొదటి ప్రశ్నకు ఇంటర్నెట్ ఇచ్చిన సమాధానం ఇదే: ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నవాడే దానికి పూచీదారు, ఆ పూచీకి ఒక గడువు ఉంటుంది.

అసలు ఇంటర్నెట్ మీదనే లేని యంత్రానికి ఉత్తరం ఎలా చేరాలన్న చిక్కును తీర్చింది ఎంఎక్స్ రికార్డు. డొమైన్ పేర్లను యంత్రాల చిరునామాలకు ముడిపెట్టే డీఎన్ఎస్ అనే వ్యవస్థను పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించగా, ఒక డొమైన్‌కు వచ్చే ఉత్తరాలను ఏ యంత్రం స్వీకరిస్తుందో తెలిపే ఎంఎక్స్ రికార్డుల వాడకాన్ని క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1986 జనవరిలో వివరించాడు. ఒకే డొమైన్‌కు అనేక యంత్రాలను చూపించి, ఒక్కొక్కదానికి ఒక ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. తక్కువ సంఖ్య ఉన్న యంత్రాన్ని ముందు ప్రయత్నించి, అది పలకకపోతే తరువాతి సంఖ్యకు వెళ్లాలి. దీనితో డయలప్ మీద ఆధారపడిన సంస్థ తన యంత్రాన్ని మొదటిదిగా, నిరంతర సంబంధం ఉన్న సేవాసంస్థ యంత్రాన్ని రెండవదిగా చూపించగలిగింది. తీగ కలిసి లేనప్పుడు ఉత్తరాలు రెండవ యంత్రంలో వరుస కట్టి వేచి ఉండేవి. పంపేవాడు దారి తెలుసుకోవలసిన అవసరం పోయింది. 1987లో రిక్ ఆడమ్స్ స్థాపించిన యూయూనెట్, అటు ఇంటర్నెట్‌కూ ఇటు యూయూసీపీ తీగలకూ మధ్య ఇటువంటి మధ్యవర్తిగానే ఎదిగింది.

దీని తరువాత కూడా ఒక ఇబ్బంది మిగిలిపోయింది. సేవాసంస్థ సర్వర్ తన వరుసలోని ఉత్తరాలను అరగంటకో గంటకో ఒకసారి చేర్చడానికి ప్రయత్నిస్తుంది; వినియోగదారుడి తీగ కలిసి ఉండేది పది నిమిషాలే. ఆ రెండు సమయాలు కలవకపోతే ఉత్తరం ఒక్కటీ కదలదు. సంక్రాంతికి నాలుగు రోజులు కార్యాలయం మూసి, ఐదవ రోజున టెలిఫోను తీగ తెగిపోతే, గడువు దాటిన ఉత్తరాలు పంపినవారికే తిరిగిపోతాయి. కనుక తీగ కలిసిన క్షణంలోనే వినియోగదారుడి యంత్రం తన ఉత్తరాలను అడిగి రప్పించుకునే సాధనం అవసరమైంది. ఇక్కడి నుంచి కథ రెండవ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

అటువంటి సాధనం ఒకటి 821వ పత్రంలో మొదటి నుంచీ ఉంది. టర్న్ అనే ఆ ఆదేశం ఇస్తే పంపే యంత్రం, అందుకునే యంత్రం అదే తీగ మీద పాత్రలు మార్చుకుంటాయి. అప్పటి వరకు ఇచ్చిన యంత్రం ఇప్పుడు పుచ్చుకుంటుంది. కానీ తానెవరో ఆ యంత్రం సంభాషణ ప్రారంభంలో చెప్పిన పేరు తప్ప వేరే రుజువు ఏదీ అడిగేవారు లేరు. ఎవరైనా పరాయి డొమైన్ పేరు చెప్పి, ఆ తరువాత టర్న్ అని ఆదేశిస్తే, ఆ డొమైన్‌కు వచ్చిన ఉత్తరాలన్నీ వారి చేతిలో పడే అవకాశం ఉంది. ఈ కారణంగా సర్వర్ల నిర్వాహకులు దాన్ని నిలిపివేశారు; 2001లో ఎస్‌ఎమ్‌టీపీని సవరించిన పత్రం కూడా దాని వాడకాన్ని వారించింది.

మరొక మార్గం ప్రతి వినియోగదారుడికీ మారని ఇంటర్నెట్ చిరునామా ఇవ్వడం. బ్రిటన్‌లో 1992లో క్లిఫ్ స్టాన్‌ఫర్డ్ ప్రారంభించిన డీమన్ ఇంటర్నెట్, నెలకు పది పౌండ్ల చందాతో మామూలు గృహస్థులకు సైతం స్థిరమైన చిరునామాను, సొంత హోస్ట్ పేరును కేటాయించింది. వినియోగదారుడు డయల్ చేసి లోపలికి వచ్చాడని తెలియగానే సంస్థ సర్వర్లు ఆ స్థిర చిరునామాకు ఎస్‌ఎమ్‌టీపీ ద్వారానే ఉత్తరాలు అందించేవి. టెలిఫోను ద్వారా ప్రవేశించేటప్పుడు చెప్పిన సంకేతపదమే ఇక్కడ గుర్తింపు. డయలప్ వినియోగదారుడు కూడా ఇంటర్నెట్‌లో సంపూర్ణ సభ్యుడేనన్న భావన ఈ ఏర్పాటులో ఉంది, అదే దాని ఘనత.

ఈ ఆలోచనకు ప్రామాణిక రూపమిచ్చింది 1996 ఆగస్టులో జాక్ డి విన్టర్ రాసిన 1985వ పత్రం. అది ప్రవేశపెట్టిన ఈటీఆర్ఎన్ ఆదేశం టర్న్‌లోని లోపాన్ని ఒక చిన్న మార్పుతో సరిచేసింది. వినియోగదారుడి యంత్రం తీగ కలపగానే సేవాసంస్థ సర్వర్‌ను పలకరిస్తుంది, సర్వర్ తనకు తెలిసిన అదనపు సౌకర్యాల జాబితా చదువుతుంది, అందులో ఈటీఆర్ఎన్ ఉంటే వినియోగదారుడి యంత్రం ఆ ఆదేశంతో పాటు తన డొమైన్ పేరు చెబుతుంది. ఉత్తరాలు లేకపోతే 251 అని, ఉంటే వాటిని పంపడం మొదలుపెట్టానని 252 అని, సంఖ్యతో సహా చెప్పదలిస్తే 253 అని, ఆ డొమైన్‌కు ఈ సేవ లేకపోతే 459 అని సర్వర్ జవాబిస్తుంది. అయితే ఉత్తరాలు ఆ సంభాషణలో రావు. సర్వర్ ఆ డొమైన్‌కు డీఎన్ఎస్‌లో నమోదైన చిరునామాను వెతికి, అక్కడికి తానే కొత్తగా సంబంధం కలిపి ఉత్తరాలు అప్పగిస్తుంది. అడిగినవాడు మోసగాడైనా ఉత్తరాలు వెళ్లేది అసలు హక్కుదారు చిరునామాకే కనుక, అడిగినందువల్ల అతడికి ఒరిగేది ఏమీ లేదు. అడిగేవారిని అనుమానించి పరీక్షించడానికి బదులు, అబద్ధమే నిష్ప్రయోజనమయ్యేలా ఏర్పాటు చేయడం ఈ పద్ధతిలోని అందం.

కానీ ఆ అందం స్థిరమైన చిరునామా మీద ఆధారపడింది. 1990ల రెండవ భాగంలో వినియోగదారులు లక్షల్లో పెరిగి, చిరునామాల కొరత వల్ల సేవాసంస్థలు ప్రతి పిలుపుకూ ఒక కొత్త తాత్కాలిక చిరునామా ఇవ్వడం ఆనవాయితీ కావడంతో, సర్వర్ తిరిగి పిలవడానికి డీఎన్ఎస్‌లో చిరునామాయే లేకుండా పోయింది. 1999 ఆగస్టులో రాండల్ గెలెన్స్ ప్రకటించిన 2645వ పత్రం ఇందుకు పరిష్కారం చూపింది. అందులోని ఏటీఆర్ఎన్ ఆదేశం టర్న్ మాదిరిగానే అదే తీగ మీద పాత్రలు మారుస్తుంది. అయితే అడిగే యంత్రం ముందుగా సంకేతపదం మీద ఆధారపడిన పద్ధతిలో తన గుర్తింపును నిరూపించుకోవాలి, ఆ గుర్తింపుకు ఏ డొమైన్ల మీద హక్కుందో సర్వర్ సరిచూడాలి. ఈ సేవకు 366 సంఖ్య గల ప్రత్యేక ద్వారం (పోర్టు) కేటాయించబడింది. యూయూసీపీ ఇరవయ్యేళ్ల కిందట చేసిన పనినే ఇంటర్నెట్ ఇక్కడ తనకు తగిన రూపంలో తిరిగి నేర్చుకుంది.

ఆచరణలో మాత్రం చిన్న సంస్థలు తరచుగా మరొక అడ్డదారి పట్టాయి. డొమైన్‌కు వచ్చిన ఉత్తరాలన్నింటినీ సేవాసంస్థ ఒకే పెట్టెలో వేస్తే, సంస్థ యంత్రం పాప్3 అనే పద్ధతిలో ఆ పెట్టెను ఖాళీ చేసి, ఉత్తరాలను ఉద్యోగులకు పంచేది. చవకగా దొరికే ఈ ఏర్పాటులో ఒక మౌలిక లోపముంది. ఎస్‌ఎమ్‌టీపీలో ఉత్తరానికీ కవరుకూ తేడా ఉంది. ఎవరికి అందించాలన్నది కవరు మీద ఉంటుంది, ఉత్తరం పైభాగంలో కనిపించే పేర్లు చదివేవారి కోసం మాత్రమే. పెట్టెలో పడేటప్పుడు కవరు చింపి పారేస్తే, పంచవలసిన యంత్రం ఉత్తరంలోని పేర్లను బట్టి ఊహించాలి. గోప్యంగా నకలు పంపించుకున్నవారి పేరు ఆ పేర్లలో ఉండదు; చర్చా బృందాలకు వచ్చే ఉత్తరం మీద బృందం చిరునామా తప్ప సభ్యుడి పేరు కనిపించదు. అటువంటి ఉత్తరాలు కార్యాలయంలో దిక్కు తెలియక మిగిలిపోయేవి, కొన్నిసార్లు ఆ బృందానికే తిరిగిపోయి అందరికీ మళ్లీ మళ్లీ చేరేవి. 1996లో ఎరిక్ రేమండ్ చేపట్టిన ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాము ఈ పద్ధతికి వీలు కల్పించినా, దాని వివరణ పత్రాలే ఈ ప్రమాదాల గురించి గట్టిగా హెచ్చరించాయి. బాధ్యత ఒక చేతి నుంచి మరొక చేతికి మారేటప్పుడు ఉత్తరంతో పాటు దాని ఆనవాళ్లు కూడా మారాలన్న నియమాన్ని పక్కన పెట్టడమే ఈ చిక్కులకు మూలం.

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో ప్రారంభించింది. వాటిలో తెలుగు నేలకు చెందిన నగరం ఒక్కటీ లేదు. సేవా కేంద్రం లేని ఊళ్ల నుంచి తీగ కలపాలంటే ఎస్టీడీ చార్జీ భరించవలసి రావడం వల్ల, ఉత్తరాలన్నీ ముందే రాసి పెట్టుకుని, ఒక్క పిలుపులో పంపించి, కొత్తవి దింపుకుని, తీగ తెంపేసి తీరికగా చదువుకోవడం ఆనాటి వాడకందారుల పొదుపు మార్గమైంది. ప్రైవేటు సంస్థలకు 1998లో అనుమతి లభించిన తరువాత ధరలు తగ్గినా, డయలప్ ఆచారం మరికొన్నేళ్లు సాగింది.

టెలిఫోను తీగ సైతం లేని చోట్ల నిలిపి పంపే సూత్రం మరింత విచిత్రమైన వాహనాలను ఎక్కింది. హృద్రోగ వైద్యుడు బెర్నార్డ్ లౌన్ స్థాపించిన శాటెల్‌లైఫ్, రోజుకు కొన్ని సార్లు మాత్రమే తలపై నుంచి సాగిపోయే చిన్న ఉపగ్రహాల ద్వారా ఆఫ్రికా వైద్యులకు సమాచారం చేరవేసింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పుట్టిన డాక్‌నెట్ ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర ప్రాంతంలో బస్సుకు వైర్‌లెస్ పరికరం అమర్చి, గ్రామంలోని కియోస్క్ పక్క నుంచి బస్సు వెళ్లిన కొద్ది క్షణాల్లో భూమి రికార్డుల అభ్యర్థనలను ఎక్కించుకుని తాలూకా కేంద్రానికి చేర్చింది. కంబోడియాలోని రతనకిరి రాష్ట్రంలో మోటారు సైకిళ్లు గ్రామ పాఠశాలలకు ఉత్తరాలు మోశాయి. ఇదే సూత్రాన్ని అంతరిక్ష నౌకల దాకా విస్తరిస్తూ 2007లో వెలువడిన బండిల్ ప్రోటోకాల్, సమాచారపు సంరక్షణ బాధ్యతను ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి లాంఛనంగా అప్పగించే పద్ధతిని సైతం నిర్దేశించింది.

ఇళ్లకూ కార్యాలయాలకూ బ్రాడ్‌బ్యాండ్ వచ్చి, సంస్థల ఉత్తరాల పెట్టెలు పెద్ద కంపెనీల సర్వర్లకు తరలిపోవడంతో డయలప్ డొమైన్ల యుగం ముగిసింది. వేచి ఉండే ఉత్తరాలకు ఆశ్రయమైన రెండవ ఎంఎక్స్ యంత్రాలు, ఆ డొమైన్‌లో ఎవరెవరున్నారో తెలియక ప్రతి ఉత్తరాన్నీ స్వీకరించే స్వభావం వల్ల చెత్త ఉత్తరాలు పంపేవారికి దొడ్డిదారులుగా మారి, చాలా చోట్ల తొలగించబడ్డాయి. అయినా ఎంఎక్స్ రికార్డు లేకుండా నేటికీ డొమైన్లకు ఉత్తరాల ఏర్పాటు ఊహించలేము. గమ్యం పలకకపోతే సర్వర్లు ఇప్పటికీ ఉత్తరాన్ని వరుసలో ఉంచి రోజుల తరబడి ప్రయత్నిస్తాయి. 250 అనే జవాబు నేటికీ ఒక హామీ పత్రమే.

వేగమైన తీగలు ఉన్నవారే ఈమెయిల్‌ను నిర్మించి ఉంటే, గమ్యం దొరకని ఉత్తరాన్ని వెంటనే తిరస్కరించే వ్యవస్థ తయారై ఉండేది. బలహీనమైన తీగలు ఉన్న గ్రాహమ్స్‌టౌన్, బొంబాయి వంటి ఊళ్లు కూడా అందులో భాగస్వాములు కావలసి రావడం వల్లనే ఓర్పు ఆ వ్యవస్థ నియమాల్లో ఒకటై నిలిచింది. తుపానుకు కరెంటు పోయిన ఊరికి వచ్చిన ఉత్తరం కొన్ని రోజుల తరువాతైనా నేడు భద్రంగా అందుతున్నదంటే, ఆ ఫలితం నెమ్మదైన తీగలవారి కోసం చేసిన కృషిదే. కొత్త సమాచార వ్యవస్థలను రూపొందించేవారు అందరికంటే బలహీనమైన సంబంధం ఉన్న సభ్యుడిని దృష్టిలో ఉంచుకుని నియమాలు రాస్తే, బలమైన సంబంధం ఉన్నవారికీ అవి ఆపదలో అక్కరకు వస్తాయని ఈ చరిత్ర రుజువు చేస్తున్నది.